నలభై ఒక్క చూపులు

ఫలితాలు వస్తాయని చెప్పిన మంగళవారం నాడు మునీరా ఫోనుకు ఎదురుగా కూర్చోలేదు. ఎదురుచూస్తే రావని ఆమెకో పిచ్చి నమ్మకం. ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి, ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ, అటువైపు తనకేం పని లేనట్టు ముఖం పెట్టింది. ముఖమైతే పెట్టింది గానీ, తొడిమలు కాయల్లోనూ కాయలు తొడిమల్లోనూ పడుతున్నాయి.

గడప మీద వెలుతురుకు తిరిగి కూర్చుని వాళ్ళమ్మ మసూదా చీరకు కుచ్చులు వేస్తోంది. మదనపల్లెలోని చీరల కొట్ల నుంచి పట్టుచీరలు పుంగనూరుకు, ఆమె చేతికి వస్తాయి. కొంగు చివర వదిలేసిన పోగులను దువ్వాలి. కొన్ని కొన్నిగా పాయ తీసి, పూస ఎక్కించి, రంగుదారం చుట్టి, ముడి బిగించాలి. అలా కొంగు పొడుగునా డెబ్బై ఎనభై కుచ్చులు వేలాడితేనే ఆ చీర పెళ్ళికి తయారైనట్టు. దారం కొస ఎప్పుడూ ఆమె కాలి బొటనవేలికి చుట్టుకుని ఉంటుంది. కత్తెర మోకాలి కింద ఉంటుంది. తండ్రి ఖాదర్ వలి టమాటా లోడుతో చెన్నై పోతే వారానికి గానీ రాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఎక్కువగా తల్లీ కూతుళ్ళే.

ఫోను మోగింది. మునీరా మిరపకాయ చేతులు పావడాకు తుడుచుకుని తీసి చూసింది.

ఒక ట్రస్టువాళ్ళు ఎనిమిది నెలలుగా పదో తరగతి పిల్లలకు ఫోనులోనే లెక్కల కోర్సు చెబుతున్నారు. చివరి పరీక్షలో ముప్పైకి ఇరవై నాలుగు దాటితే కుప్పంలోని వాళ్ళ హాస్టలు కాలేజీలో ఇంటరు సీటు ఇస్తారు. చదువూ, తిండీ, పుస్తకాలూ అన్నీ వాళ్ళవే. పోయిన ఆదివారం పరీక్ష ముగియగానే తెర మీద మునీరాకు ఇరవై ఏడు అని కనబడింది. ఆ అంకెను ఆమె మూడు రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

ఇప్పుడు ఆమె పేరు పక్కన ఇరవై ఏడు లేదు. 'నిలిపివేయబడినది' అని ఉంది. దాని కింద ఒక ఉత్తరం.

"ఏమొచ్చింది?" అంది మసూదా తల ఎత్తకుండానే.

మునీరా ఇంగ్లీషులో చదివి, తల్లికి అర్థమయ్యేలా చెప్పింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది దక్కనీ ఉర్దూ, తెలుగూ కలిసిన మాట. "పరీక్షలో నా సూపు తెర మీంచి కిందికి పోయిందంట, అమ్మీ. నలభై ఒక్కసారి. సేతులు కనబడలేదంట. ఇంకెవురిదో గొంతు ఒకసారి వినబడిందంట. కాపీ కొట్టినట్టు అనుమానమంట. బేస్తవారం పదకొండుకు అమ్మనో అబ్బానో తోడుకోని కుప్పం రావల్లంట. రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

"ఎన్నిసార్లు?"

"నలభై ఒకటి."

మసూదా చేతిలో దారం ఆగింది. మళ్ళీ కదిలింది. "పోదాం లే," అంది. ఇంకేమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది మునీరాకు. మసూదా నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఎరుగుదురు. అలాంటి మనిషి ఇంత వార్త విని పోదాం లే అని ఊరుకుందంటే అది కోపమేనని మునీరా అనుకుంది.

కాపీ అయితే మునీరా కొట్టలేదు. కానీ చేతులు ఊరికేనూ లేవు.

ఆదివారం ఉదయం పరీక్ష మొదలవుతుండగా మసూదా వంగపండు రంగు పట్టుచీరను మడిచి పక్కన పెట్టింది. అందులో ముప్పై అయిదు కుచ్చులు అయ్యాయి, ఇంకా నలభై ఒకటి మిగిలాయి. చీరను ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి, ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని తాను యాస్మిన్ వాళ్ళింటికి పోయింది. యాస్మిన్ మునీరాకు పెద్దమ్మ కూతురు. పది పాసై మూడేళ్ళయింది. ఇప్పుడామె కుచ్చులు మసూదా వేసేవాటి కన్నా వరసగా ఉంటాయి. కుప్పం సీటు రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు. నాలుగిళ్ళ అవతల యాస్మిన్ కూర్చునే ఉంది.

మొదటి రెండు ప్రశ్నలూ ఇట్టే అయిపోయాయి. మూడో దాని దగ్గర మునీరా బుర్ర మొరాయించింది. ఒళ్ళో రెండు చేతులూ ఎవరివో పరాయి చేతుల్లా పడి ఉన్నాయి. ఎనిమిది నెలలూ ఆమె పాఠం విన్నది కుచ్చులు వేస్తూనే. తెర మీద సార్ సమీకరణం రాస్తుంటే కింద వేళ్ళు పాయ తీసేవి. ఆయన రెండో వరసకు వచ్చేసరికి ముడి పడేది. అదీ ఇదీ ఒకటే పనైపోయింది ఆమెకు. మూడో ప్రశ్న దగ్గర చెయ్యి తనంతట తానే పక్కకు పోయి చీర కొంగు లాక్కుంది. పదో ప్రశ్నలో గానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు. తెలిశాక ఆపడానికి భయం వేసింది. నడుస్తున్న బండిని ఎవరు ఆపుతారు? ముడి బిగించేటప్పుడు మాత్రం ఒక్కసారి కిందికి చూడాలి. చూడకపోతే వరస తప్పుతుంది.

తల్లి వచ్చి చీర పూర్తయి ఉండడం చూసి అడిగితే, పరీక్ష అయిపోయాక ఊరికే కూర్చోలేక వేశానని చెప్పింది. చిన్న అబద్ధం. ఆ రోజుకు చిన్నదే.

మరి ఉన్నది ఉన్నట్టు చెప్పేయవచ్చు కదా అంటే, ఇంకో కాగితం ఉంది. కోర్సులో చేరేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితం. క్లాసు వేళల్లో, పరీక్ష వేళల్లో బిడ్డ చేత సంపాదన పని ఏదీ చేయించబోమని, చేయించినట్టు తెలిస్తే ప్రవేశం రద్దని అందులో ఉంది. మునీరా చదివి వినిపిస్తే, "నేను యాడ సేయిస్తాండా? నువ్వే ఊరికే ఉండవు," అని నవ్వుతూ ఉర్దూలో తన పేరు రాసింది మసూదా. ఆమెకు రాయడం వచ్చిన మాట అదొక్కటే.

కాబట్టి కుప్పంలో నోరు విప్పకపోతే మునీరా దొంగ. విప్పితే అమ్మ దొంగ. ఎటు తిరిగినా సీటు పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా మునీరా ఆ సాయంత్రమంతా ఏమీ తినకుండా కూర్చుంది. సంగతి అమ్మకు చెప్పిందా, అమ్మ కుప్పం బస్సు దిగకముందే పదిమందికీ చెప్పేస్తుంది. చెప్పకూడదు.

బుధవారం మదనపల్లెకు పోవలసిన రోజు. పూర్తయిన చీరలు ఇచ్చి కొత్తవి తెచ్చుకోవాలి. పని ఆగదు కదా, ఎవరి పరీక్ష కోసం ఆగుతుంది? చీరల సంచిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో మసూదా కిటికీ వైపు కూర్చుంది. దారి పొడుగునా టమాటా తోటలకు కట్టిన కర్రలు వెనక్కి పోతున్నాయి. మాటకు ముందు మాట వచ్చే మనిషి టికెట్టు అడిగిందే తప్ప పెదవి విప్పలేదు.

చీరల కొట్టు వినోద్ ముప్పై ఏళ్ళవాడు, వరసలు కలిపి మాట్లాడే మనిషి. చీరలు విప్పి చూసి అక్కడికక్కడే మడత వేశాడు. మసూదా వేసిన కుచ్చులను అతను లెక్కపెట్టడు.

"వినోదప్పా, ఆదివారం వేసి సోమవారం పంపించింది, వంగపండు రంగుది, పెండ్లోళ్ళకు పూడ్సిందా?"

"ఈడే ఉండాదక్కా. పెండ్లోళ్ళు శనివారం వస్తారంట. యాల?"

"ఒకసారి తియ్యి."

వినోద్ అరలోంచి తీసి గాజు బల్ల మీద పరిచాడు. మసూదా కొంగు చివరను ఎడమ అరచేతి మీద వేసుకుని, కుడి బొటనవేలితో ఒక్కొక్క కుచ్చునూ తోసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. ఆ కుచ్చును తిరగేసి వెనకవైపు చూసింది. తరవాతి దాన్ని తిరగేసింది. దాని తరవాతిదాన్ని. అలా చివరి దాకా ఒక్కటీ వదలకుండా తిరగేస్తూ పోయింది. పెదవులు కదులుతున్నాయి.

మునీరా అరల్లోని చీరల వైపు ముఖం తిప్పుకుంది.

"ఇందులో ఒక పూస వదులుగా ఉండాది," అంది మసూదా. "తీసుకపోయి సరిసేసి శుక్రవారం పొద్దున్నే తెస్తా."

"నువ్వేసిన దాంట్లో వదులా?" వినోద్ నవ్వాడు. "పొద్దు పడమట పొడిసిందా ఏందక్కా?"

"ఒక్కోసారి పొడుస్తాది," అంది మసూదా, మడత వేస్తూ. కూతురి వైపు చూడలేదు.

బస్టాండు దగ్గర ప్రీతి వచ్చి కలిసింది. బి.కొత్తకోట పిల్ల, మదనపల్లెలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఎనిమిది నెలలు తెర మీద పక్కపక్క గడుల్లో కూర్చున్న స్నేహం వాళ్ళిద్దరిదీ. ప్రీతికి ఇరవై అయిదు వచ్చాయి, సీటు వచ్చింది. ఆ సంతోషం పైకి కనబడితే మునీరా ఎక్కడ బాధపడుతుందోనని దాచుకోవడానికి నానా తంటాలు పడుతోంది. మసూదా చెరుకు రసం బండి దగ్గరికి పోగానే మునీరాను పక్కకు లాగింది.

"నిజం సెప్పు, కిందికి యాల సూసినావు?"

"నేనేం సూడలేదు! నేను యాల సూస్తా?"

"అరవబాకు. అడిగినా, అంతే." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మునీరా వ్యవహారం. ప్రీతి అది పట్టించుకోకుండా గొంతు తగ్గించింది. "నేను గ్రూపులో అడిగినా. పోయిన ఏడు ఇట్లే ఒకబ్బాయిని పిల్సినారంట. వాడు తప్పైపోయింది సార్, కాపీ కొట్టినా అని ఏడిస్తే, మళ్ళీ పరీక్ష పెట్టినారంట. ఒప్పుకోని మొండోళ్ళనే తీసేస్తారంట. నువ్వు కూడా ఒప్పేసుకో."

"కొట్టకుండానే?"

"సీటు కావల్లా, మాట కావల్లా?"

మూడో దారి అంటూ ఒకటి ఉందని అప్పటిదాకా మునీరాకు తోచలేదు. దొంగతనం చెయ్యకుండా దొంగనని ఒప్పుకుంటే అమ్మ కాగితం జోలికి ఎవరూ రారు. తిరుగు బస్సులో ఆ మాటను నోట్లోనే ఎన్నోసార్లు చెప్పుకుని చూసుకుంది. తప్పైపోయింది సార్. కాపీ కొట్టినాను సార్. చెప్పిన కొద్దీ అది తేలికవుతుందేమో అనుకుంది గానీ, పుంగనూరు వచ్చేసరికి ఏడుపే వచ్చింది. ఎండ కళ్ళలో పడిందని తుడుచుకుంది.

గురువారం తెల్లవారగానే బయలుదేరారు. పలమనేరులో బస్సు మారారు. వి.కోట దాటాక మసూదా సంచిలోంచి కొత్త చీర, ఆకుపచ్చది, తీసి ఒళ్ళో పరుచుకుంది. బస్సు కుదుపుల్లో ముళ్ళు వేయడం కుదరదు, పోగులు దువ్వుకోవచ్చు. మునీరా చేతులు అటు పోబోయాయి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

కుప్పంలో ట్రస్టు ఆఫీసు కొత్త మేడ. సున్నం వాసన ఇంకా పోలేదు. పొడుగాటి వరండా, దాని వెంబడి గదులు, ప్రతి గదికీ పెద్ద కిటికీలు. లోపలికి పిలిచిన శివకుమార్ సార్‌ను చూసి అంత భయంలోనూ మునీరాకు విడ్డూరంగా అనిపించింది. ఎనిమిది నెలలు భుజాల దాకానే చూసిన మనిషికి కాళ్ళు ఉన్నాయి, కాళ్ళకు చెప్పులున్నాయి, పైగా మనిషి చాలా పొట్టి. ఆయన పక్కన శాంతమ్మ మేడం. ప్రవేశాలన్నీ చూసేది ఆమేనట. తెల్ల జుట్టు, మెడకు వేలాడే కళ్ళద్దాలు, ముందు మూసి ఉన్న ఫైలు.

"కూర్చోండమ్మా," అంది మేడం. "పాప బాగా చదువుతుందని సార్ చెప్పారు. అందుకే నేరుగా తీసేయకుండా పిలిచాం. ముందు వీడియో చూద్దాం."

శివకుమార్ ల్యాప్‌టాప్‌ను వాళ్ళ వైపు తిప్పాడు. తెర మీద మునీరా ఉంది, ఛాతీ దాకా. వెనక గోడ, గోడకు కేలండరు. తెరలోని మునీరా ప్రశ్న చదువుతుంది. కళ్ళు కిందికి పోతాయి, పైకి వస్తాయి. పక్కన ఎర్ర అంకె పెరుగుతుంది. ఏడు. ఎనిమిది. తనను తాను చూసుకుంటే మునీరాకే దొంగలా కనబడింది. ఇంక నయం, ఇది చూసి పోలీసులను పిలవలేదు.

"ఒళ్ళో ఏముందమ్మా?" అడిగింది మేడం. "ఇంకో ఫోనా, పుస్తకమా?"

మునీరా లేచి నిలబడింది. నిన్నటినుంచి వల్లె వేసిన మాట నాలుక చివరికి వచ్చింది. "తప్పైపోయింది మేడం. నేను కాపీ..."

"కూసో మున్నీ," అంది మసూదా.

ఆ గొంతులో ఉన్నదేమిటో గానీ మునీరా టక్కున కూర్చుంది.

"ఆ బొమ్మను కొంచెం ఎనక్కి తిప్పప్పా," అంది మసూదా శివకుమార్‌తో. "ఆ, ఆడ. అంకె తిరిగే ముందు. ఎడమ బుజం సూడండి. పైకి లేసి, ఒక్క గుంజు గుంజి దిగుతాండాది. మళ్ళీ సూడండి. అదే గుంజు. పుస్తకం సూసేవాళ్ళకు బుజం యాల గుంజుతాదమ్మా? అది ముడి బిగిస్తాండాది. పదిహేనేండ్లుగా నేను సేసే పని. ఈపు సూసినా సెప్పగలను."

మేడం కళ్ళద్దాలు పెట్టుకుంది. మసూదా సంచిలోంచి వంగపండు రంగు చీర తీసి, కొంగు చివరను ఫైలు మీదే పరిచింది.

"ఈ ముప్పై అయిదు నేనేసినవి. ముడి ఎనక తోక కుడి పక్కకు పోతాది. ఈడినుంచి సూడండి, తోకలు ఎడమ పక్కకు తిరిగినాయి. నా బిడ్డది ఎడమసెయ్యి వాటం. లెక్కపెట్టుకోండి."

శివకుమార్ నిజంగానే లెక్కపెట్టాడు. వేలు పెట్టి, ఒక్కొక్కటీ తిరగేసి, పెదవులు కదుపుతూ. లెక్కల సార్ కదా, నమ్మకం మీద నడిచే మనిషి కాదు. చివరికి వచ్చి తల ఎత్తాడు.

"నలభై ఒకటి మేడం."

మునీరా తల్లి వైపు చూసింది. ఆ ఉత్తరంలోని అంకె విన్న క్షణం నుంచే అమ్మకు తెలుసు. వదులైన పూస అంటూ ఏదీ లేదు. నువ్వుగింజ నానని ఆ నోట్లో ఇంత మాట మూడు రోజులు నానింది, కూతురు తానుగా చెబుతుందేమోనని.

మేడం మాత్రం తేలికగా ఊపిరి వదల్లేదు. ఫైలు తెరిచి ఒక కాగితం బయటికి తీసింది. చివర ఉర్దూలో ఒక పేరు. "కాపీ కాదు, సరే. ఒప్పుకుంటాను. కానీ పరీక్ష రాసే పిల్ల చేత పని చేయించారన్నమాట. ఈ సంతకం మీదే కదమ్మా?"

"నాదే. నేనే సేయించినా," అంది మసూదా, తొణక్కుండా. "తప్పు నాది. బిడ్డది కాదు. ఏం రాసుకుంటారో నా మీద రాసుకోండి."

"కాదు మేడం!" మునీరాకు మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అమ్మ వద్దనింది. ముట్టుకోవద్దని సెప్పి యాస్మిన్ వాళ్ళింటికి పూడ్సింది. నాకు సేతులు ఊరికే ఉంటే లెక్క రాదు మేడం. నేనే తీసుకున్నా. అమ్మకు అబద్ధం సెప్పినా. అమ్మ ఇప్పుడు మీకు అబద్ధం సెప్తాండాది."

"ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటారు?" అంది మేడం విసుగ్గా.

శివకుమార్ ఏదో గుర్తొచ్చినవాడిలా వీడియోను మొదటికి లాగాడు. "మేడం, ఇంకొకరి గొంతు అని ఒక తప్పు వేశాం కదా. ఎవరో జవాబు చెబుతున్నారనుకున్నాం. మనవాళ్ళెవరికీ అర్థం కాలేదని వదిలేశాం." శబ్దం పెంచాడు. పరీక్ష ఇంకా మొదలు కాలేదు, ఖాళీ గోడ, కేలండరు. ఎక్కడో తలుపు దగ్గరినుంచి ఆడగొంతు గట్టిగా వినబడింది.

"సాడీకు హాత్ నక్కో లగా, మున్నీ! సునీ క్యా?"

శివకుమార్ నవ్వాపుకున్నాడు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి ఉర్దూ రాకపోవచ్చు గానీ 'నక్కో' తెలియకుండా ఉండదు. "చీర మీద చెయ్యి వెయ్యొద్దంటోంది మేడం."

మేడం ఆ కాగితాన్ని మళ్ళీ చదివింది. ఆమె కోపం ఎవరి మీద వెయ్యాలో ఆమెకే తెలియనట్టుంది. చివరికి దాన్ని ఫైల్లో పెట్టి మూసింది. "పాత పరీక్ష మాత్రం చెల్లదు. రూల్ రూలే. ఇప్పుడే, ఇక్కడే మళ్ళీ రాయాలి. కొత్త ప్రశ్నలు. రెండు చేతులూ బల్ల మీద కనబడాలి, పెన్సిలు తప్ప ఏదీ ముట్టుకోకూడదు. చూపు తెర దాటి పక్కకు పోతే ల్యాప్‌టాప్ హెచ్చరిస్తుంది. అయిదుసార్లు హెచ్చరించాక దానంతట అదే ఆగిపోతుంది. ఆగితే మేము చేయగలిగింది ఏమీ లేదు. అమ్మ బయట కూర్చోవాలి."

మసూదా చీర మడిచి లేచింది. పోతూ పోతూ కూతురి జడ సర్దింది, అంతే.

మొదటి ప్రశ్న వచ్చింది. మునీరా చదివింది. మళ్ళీ చదివింది. మాటలన్నీ తెలిసినవే, కలిపితే ఏమీ కావడం లేదు. బల్ల మీద రెండు చేతులూ వెడల్పుగా, తెల్లగా, చచ్చిన వాటిలా పడి ఉన్నాయి. పెన్సిలు పట్టుకుంటే అది జారుతోంది. గది మూల శివకుమార్ ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. మేడం టీ తాగుతోంది. ఎనిమిది నిమిషాలు పోయాయి. ఒక్క జవాబూ పడలేదు. కాపీ కొట్టలేదని తేలింది, బాగానే ఉంది. కానీ ఇప్పుడు సున్నా వస్తే ఆ ఇరవై ఏడు ఎలా వచ్చాయని అడగరా?

ఊపిరాడక తల తిప్పింది. కుడిపక్క కిటికీ. కిటికీ అవతల వరండాలో బెంచీ మీద అమ్మ. ఆకుపచ్చ చీర ఒళ్ళో పరుచుకుని, చెప్పు విడిచి, బొటనవేలికి దారం చుట్టుకుని పని మొదలుపెట్టేసింది. పాయ తీసింది. పూస ఎక్కించింది. చుట్టింది. భుజం లేచి, ఒక్క గుంజు.

మునీరా తలలో మొదటి ప్రశ్న దానంతట అదే విడిపోయింది.

'చూపు పక్కకు: 1' అని తెర మీద ఎర్రగా మెరిసింది. మునీరా ఉలిక్కిపడి తల తిప్పుకుంది. జవాబు నొక్కింది. రెండో ప్రశ్న. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. చూడకూడదనుకుంది. చూసింది. గుంజు. జవాబు వచ్చింది. 'చూపు పక్కకు: 2'. మూడో ప్రశ్న చూడకుండా చేయాలని పెదవి కొరుక్కుంది, రెండు నిమిషాలు పోయాయి, లాభం లేదు. 'చూపు పక్కకు: 3'. ఇంకా ఇరవై ఏడు ప్రశ్నలున్నాయి. చూపులు రెండే మిగిలాయి.

శివకుమార్ కుర్చీ కిర్రుమంది. ఆయన ముందు కూడా అదే ఎర్ర అంకె మెరుస్తున్నట్టుంది. లేచి మునీరా చూసిన వైపే చూశాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడ ముదురు నీలం పరదా ఉంది. ఆయన చెయ్యి దాని మీద పడింది. అయిపోయింది అనుకుంది మునీరా.

ఆయన పరదాను పూర్తిగా లాగేశాడు. కిటికీ మూసుకుపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తరవాత తలుపు తెరుచుకున్న చప్పుడు, వరండాలో ఏవో మాటలు. తిరిగి వస్తుంటే ఆయన వెనక మసూదా ఉంది, చీర గుండెలకు హత్తుకుని, చెప్పులు చేతబట్టుకుని. శివకుమార్ ఒక కుర్చీ ఎత్తుకొచ్చి ల్యాప్‌టాప్‌కు అవతల, సరిగ్గా మునీరాకు ఎదురుగా గోడవారన వేశాడు.

"బయట ఎండ ఎక్కువగా ఉండాది మేడం," అన్నాడు. "పెద్దామె, ఫ్యాను కింద కూర్చుంటాది. పాపతో మాట్లాడకూడదని చెప్పినాను."

అప్పటిదాకా శుద్ధంగా మాట్లాడిన సార్ నోట ఇంటి మాట ఊడిపడింది. మేడం కళ్ళద్దాల పైనుంచి ఆయన్ను చూసింది, మసూదాను చూసింది, మునీరాను చూసింది. వరండాలో ఎండ లేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"కూర్చోనివ్వండి," అంది మేడం, టీ గ్లాసు అందుకుంటూ.

మసూదా కూర్చుంది. బొటనవేలికి దారం చుట్టుకుంది. ఇప్పుడు ఆమె చేతులు సరిగ్గా తెర పై అంచు మీద కనబడుతున్నాయి, తెర చూసినా అవే, అవి చూసినా తెరే. పాయ, పూస, చుట్టు, గుంజు. మునీరా నాలుగో ప్రశ్న చదివింది. బల్ల మీద ఆమె ఎడమచేతి వేళ్ళు మెల్లగా బతికొచ్చి పెన్సిలును సరిగా పట్టుకున్నాయి. ఆ గదిలో ఆ తరవాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎర్ర అంకె మూడు దగ్గరే ఉండిపోయింది.

తొంభై నిమిషాలకు తెర మీద మార్కులు పడ్డాయి. శివకుమార్ వాటిని కాగితం మీద రాసి మేడం ముందు పెట్టాడు. మేడం సంతకం చేసి, "జూన్‌లో రామ్మా, హాస్టలుకు దుప్పటి తెచ్చుకో," అంది. అంతకు మించి తియ్యగా మాట్లాడడం ఆమెకు రాదులా ఉంది.

బయటికి వచ్చి బస్టాండు వైపు నడుస్తుంటే మసూదా నోరు మూడు రోజుల తరవాత తెరుచుకుంది. బస్సులో ఏం మాట్లాడకుండా ఉండడానికి ఎంత చచ్చిందో చెప్పింది. వినోద్‌తో అబద్ధం ఆడాల్సి వచ్చిందని తిట్టింది. ఒక అబద్ధం చెప్పినందుకు మునీరా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, కాపీ కొట్టినానని చెప్పబోయినందుకు ఇంకా గట్టిది ఇంకొకటి వేసింది. ఆ తరవాత అడిగింది.

"ఇంతకూ ఎన్నొచ్చినాయి?"

"ఇరవై ఆరు."

మసూదా నడిరోడ్డు మీద ఆగిపోయింది. "అప్పుడు ఇరవై ఏడు కదా! ఆ ఒకటి యాడ పోయింది?"

మునీరా తల్లి చేతిలోంచి చీరల సంచి అందుకుని భుజాన వేసుకుంది.

"పరీక్ష మద్దెలో నువ్వు దారం తెంపుకుంటివి సూడు అమ్మీ, ఆడ పోయింది."